టిఫిన్ డబ్బాలో పాటలు

ఖమ్మం, వైరా రోడ్డు
జూన్, 2025

ఒసే శారదా,

పార్సిల్ విప్పగానే వస్తువుల మీద పడతావని తెలుసు. ముందు ఇది చదువు, తర్వాత స్క్రూడ్రైవర్ పట్టు.

మీ రేగళ్ళగుంపుకి సెల్ టవర్ ఎప్పుడొస్తుందో గానీ, నీతో మాట్లాడాలంటే నేనింకా పోస్టాఫీసు మెట్లెక్కాల్సి వస్తోంది. కాలేజీలో నవ్వుతున్నారు. నవ్వనీ. ఫోన్‌లో అయితే నువ్వు ‘ఊఁ’ తప్ప ఇంకేమీ అనవు. ఉత్తరంలో అయితేనే నోరు విప్పుతావు.

అడిగినవన్నీ పెట్టాను. వేలెడంత కంప్యూటర్ బోర్డు, మెమరీ కార్డు, పాత వీడియోగేమ్ రిమోట్ నుంచి పీకిన బటన్లు. అసలు సరుకు అడుగున పాత చీర ముక్కలో చుట్టి ఉంది, జాగ్రత్త. పాడైపోయిన పుస్తకాల రీడర్‌లోంచి తీసిన తెర. బూడిద రంగులో కాగితం లాగే ఉంటుంది, ఎండలో కూడా చదువుకోవచ్చు. మీ ఊరికి డెలివరీ లేదన్నాడు కాబట్టి అన్నీ నా పేరు మీదే తెప్పించాను.

పాలిటెక్నిక్ హాస్టల్లో వార్డెన్ పారేసిన మ్యూజిక్ ప్లేయర్ గుర్తుందా? దాని కడుపులో ఉన్నదంతా తుడిచేసి మన సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. “కంపెనీ వాడిచ్చిన మెనూతో మనకేం పని, మనకు కావలసినట్టు మనం రాసుకుందాం” అన్నావు. ఆ మాట అన్న పిల్ల పినపాక సంతలో గొడుగు కింద బల్ల వేసుకుని ఫోన్లు బాగు చేస్తోంది. ఆ మాట విన్న పిల్ల కోచింగ్ కాలేజీలో కంప్యూటర్లు ఆన్ చేసి ఆఫ్ చేస్తోంది. అందుకే ఈ డబ్బా పూర్తి కావాలి. పాటలు, పుస్తకాలు, మన చిన్నప్పటి ఆటలు, మూడూ ఒకే దాంట్లో. ఎవరి కంపెనీ పేరూ లేకుండా.

పైపెట్టె మాత్రం పంపడం లేదు. ప్లాస్టిక్‌ని మీ ఎలుకలు వదలవు. స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించు. మూతకి తెర, లోపల బ్యాటరీలు. వానకు తడవదు, ఎలుక కొరకదు.

సీతయ్య బాబాయికి, గంగక్క పెద్దమ్మకి నమస్కారాలు. సతీష్ పరీక్ష ఏమైంది?

నీ
పద్దూ

*

రేగళ్ళగుంపు, పినపాక మండలం
జూలై, 2025

ప్రియమైన పద్దూ,

డబ్బా మాట్లాడింది!

తెర వెలగడానికి చాలా ఏడిపించింది. వెలిగాక తెలుగు ఏడిపించింది. ఒత్తులన్నీ అక్షరాల కింద ఉండకుండా పక్కకు వచ్చి కూర్చున్నాయి. ‘అమ్మ’ అని కొడితే అమ్మ ముక్కలైపోయింది. సంతలో పని లేనప్పుడల్లా దాని మీదే కూర్చుని సరిచేశాను. ఇప్పుడు నీ పేరులోని ‘ద్మ’ కూడా నిండుగా పడుతోంది. ఫోటోలు ఇందులో పెట్టాను, చూస్తే మురిసిపోతావు.

ఇటుకలు పేర్చే ఆట పెట్టాను గానీ ఈ తెర నిదానంది కదా, పడిపోయిన ఇటుక నీడ కాసేపు అలాగే మిగిలిపోతోంది. మా తమ్ముడు సతీష్, “అక్కా, దయ్యాల ఇటుకలు” అని పేరు పెట్టాడు. పులి-మేక ఆట మాత్రం చక్కగా నడుస్తోంది. తొందర లేని ఆట కదా. నాయినకు బటన్లు అలవాటు అయ్యాయి, ఎప్పుడూ పులి పక్షమే.

గంగక్క పెద్దమ్మ పాటలు రికార్డు చేశాను. కొత్త పంట చేతికొచ్చాక చేసుకునే కొత్తల పండక్కి పాడేవి, నాట్లప్పుడు పాడేవి, పెళ్ళి పాటలు. మా కోయ భాషలో అంతసేపు పాడగలిగిన వాళ్ళు మా గుంపులో ఇంకెవరూ లేరు. మొదట పాడనంది. తర్వాత ఆపమన్నా ఆపలేదు. తిరిగి వినిపిస్తే చెవి దగ్గర పెట్టుకుని, “ఎవలే గా ముసల్ది? మంచిగనే పాడుతాంది” అంది. తన గొంతే అని చెబితే నమ్మలేదు. నమ్మాక మాత్రం ఇంటికి ఎవరొచ్చినా డబ్బా తియ్యమంటోంది. పాటల కింద ఆ మాటలు తెలుగు లిపిలో తెర మీద పడేలా చేశాను, వింటూ చదువుకోవచ్చు.

నాయిన ఒక మాట అన్నాడు. “గిదేంది బిడ్డా, అన్నం డబ్బల వైర్లు వెట్టినవ్? సూసినోళ్ళు బాంబనుకుంటరు.” నవ్వుతూనే అన్నాడు గానీ నాకు గుచ్చుకుంది. ఇక్కడ మా రోడ్డు సంగతి నీకు తెలియదు. నక్సలైట్ల కోసమని పోలీసులు కూరగాయల సంచిని కూడా కర్రతో పొడిచి చూస్తారు. చెక్కతో వేరే పెట్టె చేయించనా? మా ఊళ్ళో దస్రు అనే వడ్రంగి ఉన్నాడు.

సతీష్ అగ్నివీర్ రాతపరీక్ష గట్టెక్కాడు. ఇక ర్యాలీలో పరుగు, తర్వాత మెడికల్. పొద్దున్నే వాగు దాకా ఉరుకుతాడు, వచ్చేటప్పుడు నా డబ్బా ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని వస్తాడు. మంచి బూట్లు కావాలంటున్నాడు.

నీ
శారద

*

ఖమ్మం
ఆగస్టు, 2025

శారదా,

నీ ఉత్తరం ల్యాబులో అందరికీ చదివి వినిపించాను. ‘దయ్యాల ఇటుకలు’ దగ్గర మా ప్రిన్సిపాల్ కూడా నవ్వాడు.

ఇప్పుడు అసలు వార్త. మా కాలేజీ వాళ్ళు వచ్చే నెల టెక్ మేళా పెడుతున్నారు. హైదరాబాద్ నుంచి కంపెనీల వాళ్ళు వస్తారట. నేను మన డబ్బా పేరు ఇచ్చేశాను. నీ పేరు ముందు, నా పేరు తర్వాత. కోపం తెచ్చుకోకు, అడిగితే నువ్వు వద్దంటావని అడగలేదు.

చెక్కపెట్టె గిక్కపెట్టె ఏమీ వద్దు. ఆ స్టీలు డబ్బాయే దాని అందం. పల్లెటూరి అమ్మాయి అన్నం డబ్బాలో కంప్యూటర్ కట్టింది అంటే చూసేవాళ్ళకి అదే గుర్తుంటుంది. బాబాయి పాతకాలం మనిషి, ఊరికే భయపడతాడు.

సతీష్ బూట్ల కోసం ఎలాగూ ఖమ్మం రావాలిగా, వాడికిచ్చి పంపు. నా నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టు. బస్టాండులో దిగి ఎవరి ఫోన్ నుంచైనా చేస్తే నేనే వచ్చి తీసుకుంటాను. బూట్లు కూడా దగ్గరుండి కొనిపిస్తాను.

మా ఇంట్లో హడావుడిగా ఉంది. నాన్న పెనుబల్లి దగ్గర మా ఊళ్ళో సర్పంచిగా నిలబడతారట. మిర్చి వ్యాపారం అంతా తమ్ముడు జయప్రకాశ్ మీద వదిలేసి రోజూ ఊరికే వెళ్తున్నారు. అమ్మ అయితే ఇప్పటికే సర్పంచి భార్యలా నడుస్తోంది.

తప్పకుండా పంపు. నువ్వు కూడా వస్తే ఇంకా మంచిది.

నీ
పద్దూ

*

పినపాక
సెప్టెంబరు, 2025

పద్దూ,

ఇది పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. సిగ్నల్ దొరికిన ప్రతిచోట నుంచీ నీకు ఫోన్ చేశాను. స్విచ్చాఫ్ అంటోంది.

సతీష్‌ని తీసుకుపోయారు. నీ దగ్గరికి వస్తుంటే దారిలో బస్సు ఆపి అందరినీ తనిఖీ చేశారట. డబ్బా చూశారు, వాణ్ణి దింపేశారు. బస్సు వెళ్ళిపోయింది. అదే బస్సులో ఉన్న మా ఊరి హేమ్లి తిరిగొచ్చి చెప్పింది. అంతకు మించి ఆమెకు ఏమీ తెలియదు. నాయిన, ఊరి పెద్దలు వెళ్ళారు. లోపలికి రానివ్వలేదు. ఎక్కడ ఉంచారో కూడా సరిగ్గా చెప్పలేదు.

నేను ఒక పిచ్చి పని చేశాను. దారిలో కుదుపులకు వేడెక్కకూడదని బ్యాటరీ వైరు పీకి పంపాను. వాళ్ళు ‘ఆన్ చెయ్’ అంటే వాడికి చేతనై ఉండదు. అది మోగి ఉంటే అక్కడే వదిలేసేవాళ్ళేమో.

వాడి జేబులో నీ నంబరు ఉంది. వాళ్ళు నీకు ఫోన్ చేసే ఉంటారు, లేదా చేస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు. సామాన్లు నీ పేరు మీద కొన్నవి, మేళాకి నువ్వే తెమ్మన్నావు, ఈ పిల్లవాడు నీకు తెలుసు. ఆ బిల్లులు కూడా తీసి ఉంచు. కుదిరితే నువ్వే రా. నీ మాట వింటారు. మా మాట వినడం లేదు.

జల్దీ రా పద్దూ.

శారద

*

ఖమ్మం
సెప్టెంబరు, 2025

శారదా,

నీ ఉత్తరం చూసి చేతులు కాళ్ళు ఆడలేదు. సతీష్ లాంటి పిల్లవాడికి ఇలా జరగడం ఏమిటి. అమ్మ కూడా బాధపడింది.

నా ఫోన్ నీళ్ళలో పడింది. బాగుకిచ్చాను, అందుకే నీకు దొరకలేదు. నాకు ఎవరూ ఫోన్ చేయలేదు. చేసి ఉంటే చెప్పనా?

నాన్నతో మాట్లాడాను. ఇప్పుడు ఎన్నికల సమయం, ఇలాంటి విషయంలో మన ఇంటి పేరు వస్తే అవతలివాళ్ళు ఊరంతా చాటుతారు, నాలుగు రోజులు ఆగితే వాళ్ళే వదిలేస్తారు అన్నారు. ఆయనకి ఇలాంటివి తెలుసు కదా. బిల్లులు యాప్‌లో వెతికాను, పాతవి కనిపించడం లేదు. ఎవరైనా లాయరుని పెట్టుకుంటే మంచిది. కాకపోతే ప్రస్తుతానికి నా పేరు ఎక్కడా రాయించకు. నేను సమయం చూసి మాట్లాడతాను.

ఒక మాట అంటే ఏమనుకోకు. సతీష్ కూడా కొంచెం తెలివిగా ఉండాల్సింది. ఒకసారి అన్నం గిన్నె అని, ఇంకోసారి పాటల డబ్బా అని రెండు మాటలు చెబితే ఎవరికైనా అనుమానం రాదా? వాళ్ళ ఉద్యోగం వాళ్ళది.

మేళా అయిపోయింది. డబ్బా రాలేదు కాబట్టి నువ్వు పంపిన ఫోటోలే బోర్డు మీద అంటించాను. అందరూ మెచ్చుకున్నారు. ఇది నీకు సంతోషం కలిగిస్తుందని రాస్తున్నాను.

ధైర్యంగా ఉండు. ఫోన్ చేయకు, ఇంట్లో పరిస్థితి బాగా లేదు. ఉత్తరమే రాయి, కాలేజీ అడ్రసుకి.

పద్మ

*

రేగళ్ళగుంపు
అక్టోబరు, 2025

పద్మా,

సతీష్ ఇంటికి వచ్చాడు.

నాయిన ముందు నడుస్తున్నాడు, వాడు వెనక. నేను వాకిట్లో ఉన్నాను. “తమ్మీ” అని పిలిచాను. తల తిప్పలేదు. ఇంకాస్త గట్టిగా పిలిస్తే అవతలి వైపు చూశాడు. కోపంగా ఉన్నాడేమో అనుకున్నాను. దగ్గరికి వచ్చాక చెప్పాడు, “ఎడమ దిక్కు ఇనబడ్తలేదక్కా.”

భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. చెవిలో పొర చిరిగిందన్నారు. చీము పట్టింది. మందులు రాసిచ్చారు, పొర దానంతట అదే మూసుకోవచ్చు, మూసుకోకపోవచ్చు అన్నారు.

వాణ్ణి ఎలా వదిలారో చెబుతాను. లోపల ఎవరో చదువుకున్న చిన్న సారు వచ్చాడట. డబ్బా మూత తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఊడిపోయిన వైరు తగిలించాడట. గంగక్క పెద్దమ్మ పాట మొదలైంది. గదిలో ఉన్నవాళ్ళంతా కాసేపు విన్నారట. ఒకాయన, “గిదేనా? గింతదానికేనా?” అని నవ్వాడట. తర్వాత వాడికి చాయ్ ఇచ్చారు. ఆ నవ్వు గురించి చెప్పేటప్పుడు మాత్రమే వాడు ఏడ్చాడు, కొట్టిన సంగతి చెప్పేటప్పుడు కాదు.

డబ్బా తిరిగి ఇవ్వలేదు. కార్డూ ఇవ్వలేదు. పెద్దమ్మకు చెప్పాల్సి వచ్చింది. “నా పాట ఆళ్ళ కాడెందుకుంటది?” అని అడిగింది. మళ్ళీ పాడతావా, ఇంకోసారి రికార్డు చేసుకుంటాను అన్నాను. ముఖం గోడ వైపు తిప్పుకుంది. మొన్న కొత్తల పండక్కి కూడా పాడలేదు. ఆడవాళ్ళు అడిగి అడిగి లేచిపోయారు.

కేసు పెట్టలేదు గానీ వారం వారం స్టేషన్‌కి వచ్చి సంతకం చేసి పొమ్మన్నారు. ఎందుకంటే, వాడు పేరు చెప్పిన మనిషి దగ్గర నుంచి వాడి మాట రుజువు కాలేదట. సంతకాల పిల్లవాణ్ణి సైన్యంలో ఎవరు తీసుకుంటారు? నీ చేతులతో రెండు వాక్యాలు రాసి పంపు. ఈ సామాన్లు నేను కొన్నవి, ఈ పిల్లవాణ్ణి నేనే రమ్మన్నాను. అంతే. ఆ కాగితం చూపిస్తే సంతకాలు ఆపుతామని ఊరి పెద్దలతో అన్నారు.

ఇంకొకటి అడుగుతాను. బాగా గుర్తు చేసుకుని రాయి. నీకు నిజంగా ఫోన్ రాలేదా? వచ్చి ఉంటే వచ్చిందని చెప్పు. భయపడ్డానని చెప్పు. నేను అర్థం చేసుకుంటాను. భయం నాకూ తెలుసు.

శారద

*

ఖమ్మం
డిసెంబరు, 2025

శారదా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఎన్నికల గొడవలో కాగితం పట్టే తీరిక లేకపోయింది. నాన్న గెలిచారు. ఊళ్ళో ఊరేగింపు, ఇంటి నిండా జనం. తనని సర్పంచి గారనే పిలవాలని అమ్మ చేత అందరికీ చెప్పిస్తున్నారు.

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు అన్నం సహించలేదు. కానీ నువ్వు అడిగిన తీరు నాకు నచ్చలేదు. ఒకసారి రాలేదని చెప్పాక మళ్ళీ అడగడం ఏమిటి? నేను అబద్ధం చెబుతానా? ఒకే గదిలో మూడేళ్ళు ఉన్నాం. నా సంగతి నీకు తెలియదా? ఇలా అడగడం నువ్వు నేర్చుకున్నదా, ఎవరైనా నేర్పిస్తున్నారా?

ఆ రెండు వాక్యాలు ఇప్పుడు రాయలేను. నాన్న కొత్తగా పదవిలోకి వచ్చారు. ఆయన కూతురు ఫలానా వాళ్ళకి సామాన్లు పంపిందని ఎవడైనా ఫోన్‌లో పెట్టి తిప్పితే ఏమవుతుందో ఆలోచించు. కొంతకాలం పోయాక నేనే స్వయంగా చూసుకుంటాను. సంతకమే కదా, పెట్టి వస్తే పోతుంది. ఎవరూ ఏమీ అనడం లేదుగా.

సతీష్ కోసం ఒకటి చేసి పంపుతున్నాను. చెవి లోపలికి పెట్టుకునేది కాదు, చెవి ముందున్న ఎముకకి ఆనుకునే ఇయర్‌ఫోన్. పాట ఎముకలోంచి వెళ్తుంది. ఇంటర్నెట్లో చదివి, దాని సాఫ్ట్‌వేర్ మార్చి ఎడమ వైపు మోత పెంచాను. బ్యాటరీ కూడా పెద్దది వేశాను. నా చేతులతో చేసిన పని. వాడు మళ్ళీ పాటలు వింటూ పరిగెత్తాలి.

మన మధ్య ఇలాంటివి రాకూడదు శారదా. ఇది ఇక్కడితో మర్చిపోదాం. సంక్రాంతి సెలవుల తర్వాత కొత్త డబ్బా మొదలుపెడదాం. ఈసారి రంగుల తెర చూశాను. నువ్వు ఊఁ అంటే తెప్పిస్తాను.

నీ
పద్దూ

*

రేగళ్ళగుంపు
జనవరి, 2026

పద్మప్రియ గారికి,

పార్సిల్ అందింది. ఎముక ఇయర్‌ఫోన్ బాగా చేశారు. ఈ మాట వెక్కిరింపుగా రాయడం లేదు. టంకం ఎక్కడా ఎక్కువ తక్కువ లేదు, వైరు నలగకుండా మలుపు దగ్గర గొట్టం తొడిగారు. పని తెలిసిన చెయ్యి. సతీష్‌కి ఇచ్చాను. పెట్టుకుని ఒక పాట విన్నాడు. “మంచిగుందక్కా” అని తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

ర్యాలీ అయింది. పరుగులో వాడి బ్యాచీలో వాడే మొదట వచ్చాడు. సంత నాడు కొన్న మామూలు బూట్లతోనే. తర్వాత మెడికల్‌లో డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, కాగితం మీద ఏదో రాసి, “నెక్స్ట్” అన్నాడట. అంతే. వాడికి ‘నెక్స్ట్’ వినపడలేదు. వెనకవాడు భుజం తట్టి జరగమన్నాడు.

నా బల్ల దగ్గరికి ఇప్పుడు ఫోన్లు రావడం లేదు. సంతలో నాకు ‘బాంబులక్క’ అని పేరు పెట్టారు. కొందరు నవ్వుతూ అంటారు, కొందరు నవ్వరు. ఉప్పు, మిరపకాయలు అమ్మే తిరుపతి ఒక్కడు వస్తాడు, పాడు కాని ఫోన్ కూడా చూడమని ఇస్తాడు. మొన్న ఆ గొడుగు మడిచి ఇంటికి తెచ్చేశాను. మణుగూరులో ఒక షాపులో పనికి రమ్మన్నారు, వెళ్తున్నాను.

ఇక మీ ఉత్తరాల సంగతి.

అన్నం గిన్నె అని ఒకసారి, పాటల డబ్బా అని ఒకసారి వాడు రెండు మాటలు చెప్పాడని సెప్టెంబరులో రాశారు. నేను ఆ మాట మీకు రాయలేదు. నాకే తెలియదు. అప్పటికి సతీష్ ఇంటికి రాలేదు. బస్సు దిగిన తర్వాత ఏం జరిగిందో మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ఆ మాట తెలిసేది వాణ్ణి పట్టుకున్నవాళ్ళకు, వాళ్ళు ఫోన్ చేసి చెప్పినవాళ్ళకు. అది చదివిన రోజే నాకు తెలిసింది. అయినా అక్టోబరులో మళ్ళీ అడిగాను. మీరు చెబుతారని అడిగాను. భయపడ్డానని చెప్పుకోవడానికి చోటు ఉంచి అడిగాను. మీరు నాకు అడగడం ఎవరు నేర్పించారని అడిగారు.

అప్పుడు నేనూ ఒకటి దాచాను. ఇప్పుడు రాస్తున్నాను.

వాణ్ణి బస్సు దింపిన తర్వాత మొదట బాగానే మాట్లాడారట. ఏ ఊరు, ఏం చదివినవ్, ఎక్కడికి. వాడు భయంలో ముందు అన్నం డబ్బా అన్నాడు, మూత తీశాక పాటల డబ్బా అన్నాడు. ఆన్ చెయ్యమంటే అది వెలగలేదు. అప్పుడు జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. “సార్, ఖమ్మంల కాలేజీల మా అక్క ఉంటది. ఆమెకే తీస్కపోతున్న. ఆమెను అడుగుండ్రి” అన్నాడు. అంతవరకు వాడి మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

అక్కడే ఫోన్ కలిపారు. అందరికీ వినపడేలా పెట్టారు. ఒకసారి మోగగానే మీరు ఎత్తారు. సతీష్ అనే పిల్లవాడు మీకు తెలుసా అని అడిగారు, వాడు రెండు రకాలుగా చెబుతున్నాడని కూడా చెప్పారు. మీ వెనక ఎవరో ఆడమనిషి “పెట్టెయ్, పెట్టెయ్” అంటున్నారట. మీరు పెట్టెయ్యలేదు. “సతీష్ ఎవరో నాకు తెలియదండీ. ఎవరో రాంగ్ నంబర్ ఇచ్చినట్టున్నారు” అన్నారు.

ఫోన్ పెట్టిన చేత్తోనే కొట్టారట. మొదటి దెబ్బే ఎడమ చెవి మీద పడింది. ఆ చెవితో వాడు చివరగా స్పష్టంగా విన్నది మీ గొంతు.

ఇది వాడు ఇంటికి వచ్చిన రోజునే నాకు చెప్పాడు. “అక్కకు చెప్పకే, బాధపడ్తది” అన్నాడు. వాడు ఇప్పటికీ మిమ్మల్ని అక్క అనే అంటాడు. నేను వాడికి మాట ఇచ్చి ఇప్పుడు తప్పాను.

కొట్టింది మీరు కాదు. అది నాకు తెలుసు. కొట్టినవాళ్ళను వదిలి మీ మీద పడుతున్నానని అనుకోకండి. వాళ్ళ మీద కూడా రాస్తున్నాం. భద్రాచలంలో కళావతి అని ఒక లాయరమ్మ ఉన్నారు. సతీష్ దవాఖానా కాగితాలు, మెడికల్‌లో తీసేసిన కాగితం అన్నీ చూసి కోర్టుకు వెళదాం అన్నారు. నాయిన వద్దన్నాడు. మన లాంటోళ్ళకు ఎందుకు బిడ్డా, ఉన్న చెవి అన్నా ఉండనీ అన్నాడు. సతీష్ మాత్రం, “రాయుండ్రి మేడం” అన్నాడు. అంత గట్టిగా వాడు మాట్లాడడం చాలా రోజులకు విన్నాను. తన గొంతు తనకు సరిగ్గా వినపడక అలా అరుస్తాడని తర్వాత తెలిసింది.

సాక్షుల్లో మీ పేరు ఉంది. పూర్తి పేరు, కాలేజీ అడ్రసు. కోర్టు నుంచి కాగితం మీకు వస్తుంది. మీ నాన్నగారి పదవికి ఇది ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదని అనుకోకండి. ఆలోచించే ఇచ్చాను. బిల్లులు యాప్‌లో దొరకకపోతే కంపెనీ వాళ్ళే ఇస్తారట, లాయరమ్మ చెప్పారు. ఈసారి మిమ్మల్ని అడిగేటప్పుడు పక్కన మీ అమ్మగారు ఉండరు. ఏం చెబుతారో మీ ఇష్టం.

రంగుల తెర తెప్పించకండి. ఇకమీదట పార్సిళ్ళు పంపకండి. వస్తే పోస్ట్‌మన్ తిప్పి పంపేస్తాడు, చెప్పి ఉంచాను.

పేరు రాసుకునేటప్పుడు లాయరమ్మ నన్ను ఒక మాట అడిగారు. “ఈ పద్మప్రియ నీకేమవుతుంది? తెలిసిన మనిషా, ఊరికే సామాన్లు అమ్మిన మనిషా? సరిగ్గా చెప్పు, రేపు అవతలి లాయరు అడుగుతాడు.”

సామాన్లు అమ్మిన మనిషి అంటే సరిపోయేది. ఎవరో తెలియదు అన్నా నన్ను ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. నోటిదాకా వచ్చింది కూడా. సతీష్ పక్కనే కూర్చుని, వినపడే చెవి నా వైపు తిప్పి చూస్తున్నాడు.

“నా దోస్తు” అన్నాను. ఆమె రాసుకుంది.

శారద